పడినవాళ్లకి చెయ్యి అందే ఎత్తు

కిందటేడు కాలేజీ టెక్ ఫెస్ట్‌లో మా టీమ్‌కి మొదటి బహుమతి వచ్చింది. పెద్దవాళ్లు పడిపోతే కనిపెట్టి చెప్పే బెల్టు తయారు చేశాం. నడుముకి కట్టుకోవాలి. లోపల ఎంపీయూ 6050 సెన్సర్, ఒక చిన్న కంట్రోలర్ బోర్డు, మెసేజ్ పంపడానికి జీఎస్ఎమ్ మాడ్యూల్. మనిషి పడినప్పుడు వచ్చే కుదుపుని సెన్సర్ పట్టుకుంటుంది, ఇంట్లోవాళ్ల ఫోనుకి కబురు వెళ్తుంది. స్టేజీ మీద మావాడొకడు బెల్టు కట్టుకుని పరుపు మీద ధబాలున పడ్డాడు. కొన్ని సెకన్లలోనే నా ఫోను మోగింది. హాలంతా చప్పట్లు, ఈలలు. జడ్జీల్లో ఒకాయన మైకు తీసుకుని "దిస్ ఈజ్ ఇంజనీరింగ్ విత్ ఎ హార్ట్" అన్నారు కూడా.

ఆ తర్వాత మూడు వారాలకి మా మామ్మ నిజంగానే పడింది. ఎవరి ఫోనూ మోగలేదు.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. ఉండేది పొందూరులో, ఒక్కతే. నాన్న ఉద్యోగం హైదరాబాదులో. నేను విజయనగరం హాస్టల్లో. పాసింజరు బండెక్కితే చీపురుపల్లి, సిగడాం దాటాక వచ్చే స్టేషనే పొందూరు. నెలకో ఆదివారం వెళ్తుంటాను. అసలు ఆ బెల్టు ఆలోచన నాకు వచ్చిందే మామ్మ వల్ల. ప్రైజు వచ్చాక ఒక బెల్టు పట్టుకెళ్లి తనకే ఇచ్చాను. ఛార్జింగ్ ఎలా పెట్టాలో చెప్పాను. నాలుగు ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

పడిన రోజు ఏం జరిగిందో తర్వాత తనే చెప్పింది. స్నానాలగదిలో గచ్చు తడిగా ఉంది. కాలు జారింది. గోడ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి కూడా జారుతూ ఉంటే మెల్లిగా, గోడకి ఆనుకునే, కిందకి దిగిపోయింది. ఎడమచెయ్యి మణికట్టు కింద పడి విరిగింది. లేవడానికి రాలేదు. పిలిచింది, ఎవరికీ వినబడలేదు. పక్కింటావిడ మజ్జిగకని వచ్చి చూసేసరికి దాదాపు రెండు గంటలు అయిపోయింది. మా బెల్టు నడవలో మేకుకి వేలాడుతూ ఉంది, ఫుల్ ఛార్జింగ్‌తో.

"ఎందుకు కట్టుకోలేదు మామ్మా?" అని అడిగాను. గొంతులో కొంచెం కోపం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"అది కట్టుకుని రాట్నం కాడ కూకుంటే సాలు, కుయ్యి కుయ్యిమంటాది నాయినా. పక్కింటి గుంటలు నవ్వుతున్నారు. మీ నాన్న అవతల ఫోను సేసి, పడిపోయినావేటమ్మా అని ఒకటే కంగారు. ఎన్నిసార్లని సెప్పను?"

పొందూరు ఖద్దరు గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా మామ్మ చిన్నప్పటి నుంచీ నూలు వడికింది. పత్తిలో నలుసులు తీసి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దాని పళ్లు అంత సన్నగా, అంత దగ్గరగా ఉంటాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, వడకడం అన్నీ చేత్తోనే, అన్నీ నేల మీద కూర్చునే. ఇప్పుడు రోజూ చెయ్యకపోయినా రాట్నం మాత్రం నడవలోనే ఉంటుంది, పొద్దుపోకపోతే దాని ముందు కూర్చుంటుంది. మోకాళ్లు సరిగ్గా వంగవు కాబట్టి మెల్లిగా కూర్చోలేదు. సగం దాకా వంగి, చివర్లో ఒక్కసారిగా చతికిలబడుతుంది. ఆ చతికిలబడటమే మా సెన్సర్‌కి పడిపోవడంలా కనిపించింది. గోడకి జారుతూ దిగిన అసలు పడిపోవడం మాత్రం, బెల్టు కట్టుకుని ఉన్నా దానికి కనిపించేది కాదు. హాస్టల్‌కి వచ్చాక నేనే బెల్టు కట్టుకుని గోడకి ఆనుకుని పదిసార్లు జారి చూశాను. ఒక్కసారి కూడా మోగలేదు.

తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ మేము థ్రెషోల్డ్ పెట్టడానికి వాడిన డేటాసెట్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. దాని పేరు సిస్‌ఫాల్. కొలంబియా దేశంలో తయారైంది, 2017లో బయటికి వచ్చింది, ఈ రంగంలో చాలామంది వాడతారు. అందులో మొత్తం 38 మంది: 23 మంది కుర్రవాళ్లు, 15 మంది పెద్దవాళ్లు. పడినట్టు చేసి చూపించింది దాదాపు అందరూ కుర్రవాళ్లే. పెద్దవాళ్లలో పడి చూపించింది ఒకే ఒక్కరు, వయసు 60, పైగా జూడో బాగా వచ్చిన మనిషి. ఈ సంగతి ఆ పేపర్లో దాపరికం లేకుండా రాసే ఉంది. ముసలివాళ్లని కావాలని పడమని ఎవరూ అడగలేరు కదా. చదవకుండా వదిలేసింది మేమే. అంటే మా బెల్టుకి తెలిసిన పడిపోవడం స్టేజీ మీద పరుపు మీద పడ్డ మా ఫ్రెండుది. మామ్మది కాదు.

ఆ వారం నాకు బాగా గుర్తుండిపోయిన విషయం ఇంకొకటి ఉంది. మా టీమ్‌లో నలుగురం. టీమ్ లీడర్ నేను. హార్డ్‌వేర్ ఒకడు, కోడింగ్ ఒకడు, డాక్యుమెంటేషన్ ఒక అమ్మాయి. నలుగురమూ ఈసీఈ, నలుగురికీ ఇరవై, ఇరవై ఒకటి. మాలో ఎవరమూ ఒక్కరోజైనా ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని స్నానానికి తీసుకెళ్లినవాళ్లం కాదు. ఇలాంటి పనే పెద్ద ఎత్తున చేసే పరిశోధన సంస్థల్లో టీమ్‌ని ఎవరు నడుపుతారు, అందులో ఎవరెవరు ఉంటారు అని అప్పుడే మొదటిసారి అనిపించింది.

మనకి దగ్గర్లో పెద్ద ఉదాహరణ బెంగళూరు ఐఐఎస్సీ ప్రాంగణంలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్. వయసు పెరిగేకొద్దీ మెదడుకి ఏమవుతుంది, మతిమరుపు జబ్బు ఎందుకు వస్తుంది, ముందే ఎలా పసిగట్టాలి అన్నది వాళ్ల పని. ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్, ఆయన భార్య సుధా గోపాలకృష్ణన్ తమ ప్రతీక్ష ట్రస్టు ద్వారా 225 కోట్లు ఇస్తామని 2014లో ముందుకు రావడంతో అది మొదలైంది. దాన్ని మొదట నడిపించింది ప్రొఫెసర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్. ఆవిడ బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అని తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. మనం ఇక్కడి నుంచి గంటలో వెళ్లిపోయే విశాఖపట్నం! 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ, తర్వాత నిమ్హాన్స్, ఆ తర్వాత మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌కి తొలి డైరెక్టర్. ఆవిడ జీవరసాయన శాస్త్రవేత్త.

ఆవిడ తర్వాతి కాలంలో డైరెక్టర్ బాధ్యత తీసుకున్నవాళ్లలో ఒకరు ఎవరో చెప్తే మన బ్రాంచివాళ్లు కుర్చీలోంచి లేచి నిలబడాలి. ప్రొఫెసర్ కె.వి.ఎస్. హరి. ఉస్మానియాలో 1983లో బీఈ, ఢిల్లీ ఐఐటీలో ఎంటెక్, అమెరికాలో శాన్ డియేగోలో పీహెచ్‌డీ. డాక్టరు కాదు, జీవశాస్త్రమూ కాదు, అచ్చంగా సిగ్నల్ ప్రాసెసింగ్ మనిషి. యాంటెన్నాల వరసకి తగిలే సంకేతాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో కనిపెట్టే రూట్ మ్యూజిక్ పద్ధతి మీద భాస్కర్ రావుతో కలిసి ఆయన రాసిన పేపరు 1989 నాటిది. డీఎస్పీ అంటే బిట్లు గుర్తుపెట్టుకుని మర్నాడే మర్చిపోయే సబ్జెక్టు అనుకునే నాలాంటివాడికి, ఆ దారిలో వెళ్లిన ఒక ఇంజనీరు మెదడు పరిశోధన సంస్థకి పెద్దగా కూర్చోవచ్చు అన్నది కొత్త కబురు.

మొదట చదివినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. చూశారా, ఇంజనీరే నడుపుతున్నాడు అని. నాలుగు రోజులు పోయాక వేరేది కనిపించింది. ఆ కుర్చీలో జీవరసాయన శాస్త్రం నుంచి ఒకరు కూర్చున్నారు, తర్వాత సిగ్నల్ ప్రాసెసింగ్ నుంచి ఒకరు. డబ్బు ఇచ్చినవాళ్లు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చారు. వాళ్లతో డాక్టర్లు, సైకాలజిస్టులు, జన్యుశాస్త్రం తెలిసినవాళ్లు, ఊళ్లలో తిరిగే సిబ్బంది ఉంటారు. ఏ ఒక్కరి చదువూ ఆ పనికి చాలదని వాళ్లు ముందే ఒప్పుకున్నట్టుంది. మేమైతే నలుగురం ఒకే పుస్తకాలు చదివి, ఒకే హాస్టల్లో పడుకుని, మాకు అన్నీ తెలుసనుకున్నాం.

వాళ్ల పని జరిగే చోటు ఇంకా బాగుంది. శాన్స్‌కాగ్ అని వాళ్ల పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. దానికి ఎంచుకున్నది కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెలు. మన రాష్ట్రం సరిహద్దు పక్కనే, మామిడితోటల సీమ, తెలుగు బాగా మాట్లాడతారు. 45 ఏళ్లు దాటిన పదివేల మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించాలన్నది లక్ష్యం: రక్తం, జన్యువులు, మెదడు స్కాన్లు, జ్ఞాపకశక్తి పరీక్షలు. పట్నంలో చదువుకున్నవాళ్ల కోసం టాటా పేరు మీద విడిగా ఇంకో అధ్యయనం ఉంది. పల్లెలో చదువురాని మనిషి మెదడు ఎలా ముసలిదవుతుందో పట్నం లెక్కలతో తెలియదు కాబట్టి పల్లెకే వెళ్లారు.

ఇది ఎందుకు అవసరమో నాకు మామ్మ దగ్గరే అర్థమైంది. చెయ్యి విరిగాక తను కొంచెం మతిమరుపుగా మాట్లాడుతోందని నాన్న భయపడ్డాడు. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మందని, ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువులేనివాళ్లలో ఇంకా ఎక్కువని నేను అప్పటికే చదివి ఉన్నాను. మామ్మ ఆ మూడు లెక్కల్లోనూ ఉంది. అందుకని 1975 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న ఒక చిన్న పరీక్ష, మినీ మెంటల్ స్టేట్ అని, దాని ప్రశ్నలు తెచ్చి మంచం పక్కన కూర్చున్నాను. నేను డాక్టర్ని కాను, అలా చెయ్యకూడదని కూడా ఇప్పుడు తెలుసు.

"ఈ రోజు తారీఖు ఎంత మామ్మా?"

"తారీఖెవులికి తెలుసురా. బహుళ పంచమి. రేపు సంత."

మార్కు పోయింది. ఒక వాక్యం రాయమనాలి. సంతకం తప్ప రాయడం రాదు. మార్కు పోయింది. రెండు పంచభుజాలు ఒకదాని మీద ఒకటి పడేట్టు ఉన్న బొమ్మ చూపించి అలాగే గీయమనాలి. కుడిచేత్తో పెన్సిల్ పట్టుకుని నా మొహం వైపు చూసింది. నూరులోంచి ఏడు తీసెయ్యి, అందులోంచి మళ్లీ ఏడు తీసెయ్యి అంటే మొదట అర్థం కాలేదు. "నూరు చిలపల నూలు తెచ్చావు, ఏడు ఇచ్చేశావు" అన్నాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అని నాకంటే ముందు చెప్పుకుపోయింది.

ఆ కాగితం ప్రకారం లెక్కేస్తే మామ్మకి పెద్ద జబ్బున్నట్టే. మామ్మని చూస్తే ఏ జబ్బూ లేదు, చెయ్యి నొప్పీ, మా మీద కొంచెం కోపమూ తప్ప. ఈ ఇబ్బంది ఎప్పుడో కనిపెట్టినవాళ్లు ఉన్నారు. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం ఆ ప్రశ్నల్ని మార్చి హిందీలో ఒక పరీక్ష తయారుచేసి 1995లో ప్రచురించారు. ప్రశ్న తయారుచేసేచోట ఆ ఊరి మనిషి లేకపోతే, జవాబు తప్పని రాసేస్తాం. తప్పు ప్రశ్నదేమో అని అనుమానం కూడా రాదు. పింఛను రోజున మామ్మ వేలిముద్ర యంత్రం మీద ఒక్కోసారి పడదు. జీవితమంతా నూలు వడికిన వేళ్లు అవి. అప్పుడు కూడా మేమందరం "గట్టిగా నొక్కు మామ్మా" అని తననే అనేవాళ్లం.

అమెరికాలో ఎంఐటీలో ఏజ్‌ల్యాబ్ అని ఒకటుంది. జోసెఫ్ కాగ్లిన్ 1999లో మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర ఆగ్నెస్ అని ఒక దుస్తుల సెట్టు ఉంది. అది తొడుక్కుంటే కీళ్లు బిగుసుకుపోతాయి, చూపు మసకబారుతుంది, అడుగు తూలుతుంది. కుర్రాళ్లు అది వేసుకుని దుకాణంలో సరుకులు కొని చూస్తారు. మేము కూడా హాస్టల్లో చేశాం. మోకాళ్లకి క్రేప్ బ్యాండేజీ బిగించి, కళ్లజోడుకి వ్యాజలిన్ రాసి, ఎడమచెయ్యి కట్టేసుకుని ఇండియన్ టాయిలెట్‌కి వెళ్లి వచ్చాం. మావాడు లోపలి నుంచి "ఒరే, లేవలేకపోతున్నా" అని అరిచాడు. నవ్వుకుంటూ తలుపు దగ్గరకి వెళ్లినవాళ్లం, వాడి గొంతు విని నవ్వడం ఆపేశాం. కానీ నాకు ఏజ్‌ల్యాబ్‌లో అంతకంటే నచ్చింది వేరే ఉంది. 85 ఏళ్లు దాటినవాళ్లతో వాళ్లకొక ప్యానెల్ ఉంది. వాళ్లు వచ్చి కూర్చుని, ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో మాట్లాడతారు. వేషం విప్పేస్తే మళ్లీ ఇరవై ఏళ్లవాళ్లం అయిపోతాం. వాళ్లు అవ్వలేరు.

అందుకని ఈ ఏడాది మేజర్ ప్రాజెక్టుకి ముందు నలుగురమూ పొందూరు వెళ్లాం. మామ్మ ఉప్మా చేసిపెట్టింది, ఒక చేత్తోనే, పక్కింటావిడ ఉల్లిపాయలు తరిగింది. తిన్నాక మా డాక్యుమెంటేషన్ అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, "మామ్మగారూ, ఈసారి మీరే టీమ్ లీడరు. ఏం చెయ్యమంటారో చెప్పండి" అంది. మామ్మ ముందు సిగ్గుపడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

"ఒంటి మీద ఏదీ ఎట్టకండి. తానం సేసినప్పుడు ఇప్పేస్తాను కదా, పడేదే ఆడ."

గోడకి ఒక బటన్ పెడతాం అన్నాడు మా హార్డ్‌వేర్‌వాడు. స్విచ్‌బోర్డు ఎత్తులో చెయ్యి పెట్టి చూపించాడు.

"పడినోల్లకి సెయ్యి అంత పైకి అందుతాదేటి? లెగగలిగితే మరి బటనెందుకు? ఇదిగో ఈడ." అని నేలకి జానెడు ఎత్తులో చూపించింది. కాసేపు ఆలోచించి, "బటను కూడా ఒద్దు. ఏ మూల పడతానో తెలీదు కదా. గోడ సుట్టూ తాడు కట్టండి. ఏ పక్క లాగినా మోగాల" అంది.

మెసేజ్ ఎవరికి పంపాలి అని నేను అడిగాను. నాన్నకీ, నాకూ అని రాసుకోబోతున్నాను.

"హైదరాబాదుల మీ నాన్నకి తెలిస్తే ఆడు ఏటి సేస్తాడు? బెంగెట్టుకుని రైలెక్కుతాడు. తెల్లారిపోతాది. పక్కింట్ల మోగాల. ఆల్లు లేకపోతే ఎదురింట్ల. తరవాత మీకు సెప్పుకోండి."

మా నలుగురికీ మాట రాలేదు. బెల్టు మీద మేము ఎనిమిది నెలలు పనిచేశాం. ఎప్పుడైనా మా ఫ్లోచార్టులో పక్కింటివాళ్లు లేరు. తర్వాత వెతికితే తెలిసింది, బ్రిటన్‌లో వికలాంగుల కోసం కట్టే టాయిలెట్లలో ఎర్ర తాడు ఒకటి నేల దాకా వేలాడుతూ ఉంటుందట, పడినవాళ్లకి అందాలనే. మామ్మ బ్రిటన్ పేరు విన్నదే గాని తాడు సంగతి తెలియదు. గచ్చు మీద రెండు గంటలు పడి ఉండి కనిపెట్టింది.

ఇప్పుడు తన స్నానాలగదిలో నేలకి జానెడు ఎత్తులో నైలాన్ తాడు మూడు గోడల చుట్టూ కొక్కేల మీద వెళ్తుంది. చివర ఒక లాగుడు స్విచ్చు. 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ఒకటి, పక్కింట్లో ఒక రిసీవరు, ఎదురింట్లో ఒకటి. వాళ్లు నిమిషంలోపు ఆపు బటన్ నొక్కకపోతే అప్పుడు నాకూ నాన్నకీ మెసేజ్. మెషీన్ లెర్నింగ్ లేదు. సెన్సర్ ఫ్యూజన్ లేదు. ఈ ప్రాజెక్టులో కష్టమైనది సర్క్యూట్ కాదు. ఎదురింటాయన్ని ఒప్పించడం, తాడు మీద తడి బట్టలు ఆరేసుకోకూడదని మామ్మని ఒప్పించడం.

మొదటి రివ్యూలో "ఇందులో నావెల్టీ ఏముంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బెల్టు కథంతా చెప్పాను, మణికట్టు విరిగిన సంగతితో సహా. రివ్యూ ప్యానెల్‌లో ఒక మేడమ్ కాసేపు స్లైడ్ వైపు చూసి, "ఆ తాడు ఎంత ఎత్తులో ఉందన్నావు?" అని అడిగి, తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వాళ్ల అమ్మగారి కోసం అని తర్వాత కారిడార్లో చెప్పారు. మార్కులు మాత్రం బెల్టుకి వచ్చిన దానికంటే తక్కువే వచ్చాయి.

రిపోర్టు మొదటి పేజీలో టీమ్ సభ్యుల పట్టిక ఉంటుంది కదా. పేరు, రోల్ నంబరు, సంతకం. ఐదో వరస కలిపి మామ్మ పేరు రాశాం. రోల్ నంబరు లేనివాళ్లు పట్టికలో ఉండటానికి వీల్లేదని, కావాలంటే కృతజ్ఞతల పేజీలో వేసుకోమని గైడ్ గారు మెత్తగా చెప్పారు. అక్కడే వేశాం. ఆ కాపీ ఒకటి పొందూరు తీసుకెళ్లి చూపిస్తే, తన పేరున్న చోట వేలు పెట్టి అక్షరాలు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. తర్వాత, "నిన్న ఊరికే లాగి సూసినాను. ఎదురింటోల్లు వొచ్చినారు గాని, పక్కింటిది టీవీ ఎట్టుకుని ఇననేదు. ఇంకాస్త గట్టిగా మోగేటట్టు సెయ్యి" అంది.

వచ్చే ఆదివారం బజర్ మార్చడానికి వెళ్తున్నాను.